ట్యాంకు తిన్న బెల్లం

నల్లమ్మ మురుగునీళ్ల ప్లాంటులో సారా కాసిందని మా ఊళ్లో చెప్పుకుంటారు. పోయిన ఎండాకాలంలో ప్లాంటు పాడైపోయి, అటువైపు ఎవరూ పోని రోజుల్లో, నీలం డ్రమ్ముల్లో నల్లబెల్లం ఊరబెట్టిందట. ఎక్సైజువాళ్లు వచ్చి పట్టుకున్నారట. మున్సిపాలిటీ జీతం తింటూ, మున్సిపాలిటీ కరెంటుతో, మున్సిపాలిటీ గోడల మధ్యే ఆ పని చేసిందట. బస్టాండులో ఒకాయన ఆ సారా రుచి కూడా చెప్పాడు, కొంచెం ఉప్పగా ఉంటుందని.

ఈ మాట పుట్టింది మా కొట్లో. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

ప్లాంటుకు పోయే దారిలో ఊరికి చివరి కొట్టు మాది. నాయనకు నడుము పడిపోయిన ఏడు నేను పదో తరగతి మధ్యలో బడి మానేసి కొట్లోకి వచ్చాను. మాట్లాడేది అమ్మ, తూకం వేసేది నేను. అమ్మ పేరు పద్మావతమ్మ. ఊరంతా శెట్టెమ్మ అంటారు.

నల్లమ్మ రోజూ పొద్దున ఏడింటికి మా కొట్టు ముందు ఆగేది. చీర మీద మగవాళ్ల ఖాకీ చొక్కా, కాళ్లకు రబ్బరు బూట్లు, నడుముకు ఎర్రదారంతో కట్టుకున్న ప్లాంటు తాళంచెవి. ఆకులు, వక్క తీసుకుని ఒక్కటి నోట్లో వేసుకుని పోయేది. నలభై అయిదేళ్లు ఉంటాయి. సొంతూరు ముదిగుబ్బ దగ్గర పల్లె. మూడేళ్లు వరుసగా వేరుశనగ బుడ్డలు కాయక, మొగుడు బోరుబండి వెంట కర్ణాటకకు పోతే, ఈమె ఇక్కడ ప్లాంటు కడుతున్నప్పుడు కాంక్రీటు మోయడానికి వచ్చింది. కట్టడం అయిపోయింది. కూలీలంతా పోయారు, ఈమె ఊడ్చే పనికి నిలిచిపోయింది. మొదట ఉన్న కర్నూలు ఆపరేటరు ముసలాయన పోతూ పోతూ పనంతా ఈమెకు నేర్పి పోయాడు. తర్వాత కాంట్రాక్టర్లు ముగ్గురు మారారు. నల్లమ్మ మారలేదు.

పని అంటే ఇది. ఊరి ఇళ్ల నీళ్లన్నీ పెద్దకాలువలో కలిసి మా కొట్టు పక్కనుంచే ప్లాంటుకు పోతాయి. అక్కడ జల్లెడలో చెత్త ఆగుతుంది, నీళ్లు పెద్ద ట్యాంకులో పడతాయి. అడుగునుంచి మోటార్లు గాలి కొడుతుంటే ట్యాంకు ఉడుకుతున్నట్టు కదులుతుంది. కంటికి కనిపించని జీవాలు ఆ నీళ్లలో ఉండి మురుగును తింటాయి. నల్లమ్మ వాటిని పురుగులు అంటుంది. తిని బరువెక్కి అవి పక్క ట్యాంకులో అడుగుకు దిగితే, పైన తేరిన నీళ్లు బయటికి వస్తాయి. ఆ నీళ్లతో పదకొండు కుటుంబాలు గడ్డి పెంచుతాయి. మా ఊళ్లో ఎండాకాలం పచ్చగా కనిపించేవి ఆ మడులు మాత్రమే. ఊరు తాగే పాలలో సగం ఆ గడ్డి తినే ఎనుములవి.

పురుగులు బాగున్నాయో లేదో చూడటానికి నల్లమ్మ దగ్గర గీతలున్న గాజుజాడీ ఒకటి ఉంది. ట్యాంకు నీళ్లు అందులో పోసి అరగంట కదపకుండా పెడుతుంది. అడుగున గోధుమరంగు మడ్డి మూడువందల గీత దాకా నిలిచి, పైన నీళ్లు తేటగా ఉంటే ట్యాంకు బాగున్నట్టు. ఆ గీత చూడటానికి ఆమె గచ్చు మీద మోకాళ్లూని కన్ను జాడీకి ఆనిస్తుంది.

ఏప్రిల్‌లో జిల్లానుంచి పెద్ద ఆఫీసరు ఒకాయన మా ఊరికి వస్తున్నాడన్నారు. ఎవరైనా పెద్దవాళ్లు వస్తే మా మున్సిపాలిటీ చేసేది ఒకటే. దారికి రెండువైపులా సున్నం గీత గీస్తారు, కాలువల్లో బ్లీచింగ్ పౌడరు చల్లుతారు. ఈసారి సభ పెట్టింది కాలేజీ మైదానంలో. దాని పక్కనే పెద్దకాలువ. ముందురోజు వాసన కొడుతోందని ఎవరో పైనుంచి అరిచారు. పారిశుధ్య మేస్త్రీ బయ్యన్న, మిగిలిన బ్లీచింగ్ మూటలన్నీ విప్పి కాలువలో కుమ్మరించాడు. వాసన పోయింది. ఆఫీసరు వచ్చి ఇరవై నిమిషాలు ఉండి పోయాడు.

మరునాడు నల్లమ్మ ఆకులు తీసుకుని ఏడింటికి పోయి, తొమ్మిదింటికి తిరిగి వచ్చింది. కొట్టు అరుగు మీద కూర్చుంది. నోట్లో ఆకు నమలకుండా అట్లాగే ఉంది.

"సచ్చిపోయినాయి శెట్టెమ్మా" అంది.

"ఏందే, గొర్లా?"

"గొర్లు కాదు. ట్యాంకులో పురుగులు. అన్నీ పోయినాయి. బూడిద మాదిరి తేలతాండాయి."

"పురుగులు సస్తే మంచిదే గదే. దానికేంది అట్ల కూలబడ్డావు?"

నల్లమ్మ నా వైపు తిరిగి, "నీళ్లియ్యి పాపా" అంది.

మధ్యాహ్నం కాంట్రాక్టరు తరఫున సుదర్శన్ వచ్చాడు. అనంతపురంలో ఉంటాడు, చిన్నవయసు ఇంజనీరు. ప్లాంటు చూసి తిరిగి పోతూ మా కొట్టు ముందు మోటారుసైకిలు ఆపాడు. నల్లమ్మ వెంట నడిచి వచ్చింది. కాలువగట్టు మీద నిలబడి ఆయన చాలాసేపు మెల్లగా ఏదో చెప్పాడు. ఆమె కాలువలోకి చూస్తూ విన్నది. మాకు వినిపించింది చివరి మాటలే.

"అదంతా సరే సారూ. అనంతపురం ప్లాంటునుంచి ఒక ట్యాంకరు మడ్డి తెప్పియ్యి. దాంట్లో పురుగులుంటాయి. ఈడ పోస్తే వారంలో లేస్తాది."

"ఎవరిస్తారు ట్యాంకరు? కాంట్రాక్టే పోయేట్టుండాది నల్లమ్మా. ఇరవై రోజులకు నీళ్లు పరీక్షకు తీస్తారంట. పాస్ కాకుంటే ప్లాంటు మూసేసి మురుగు నేరుగా ఏట్లోకి వదులుతారు. నా చేతుల్లో ఏం లేదు."

"గడ్డి మడులు?"

"అంతవరకూ తూము మూసెయ్యమన్నారు. తర్వాత ఇంగ గడ్డి ఉండదు."

ఆయన పోయాక నల్లమ్మ పెద్దకాలువ వెంట చూస్తూ కాసేపు నిలబడింది. నడుముకున్న తాళంచెవి ఒకసారి తడిమి చూసుకుంది. తర్వాత మా కొట్లోకి వచ్చి, "నల్లబెల్లం ఎంత ఉండాది శెట్టెమ్మా?" అని అడిగింది.

"పది పన్నెండు కిలోలుంటాది. ఎంత కావాల?"

"అంతా."

నల్లబెల్లం మా దిక్కున దూడలకు, బాలింత గొర్రెలకు పెడతారు, ఒక అచ్చు, రెండచ్చులు. అంతకు మించి కొంటే దేనికని అడుగుతారు. అమ్మ నవ్వి, "ఏమే నల్లమ్మా, అంత బెల్లమా? సారా కాస్తావా ఏంది?" అంది.

"కాస్తా. నీకూ ఒక సీసా పంపిస్తాలే" అంది నల్లమ్మ, కొంగు ముడి విప్పుతూ.

అప్పుడు కొట్లో ఇంకా ఇద్దరున్నారు, ఉప్పుకు వచ్చినామె ఒకరు, బీడీలకు వచ్చినాయన ఒకరు. ఎవరూ పెద్దగా నవ్వలేదు. సాయంత్రానికి ఆ మాట బస్టాండు దాటింది.

రెండోరోజుకు అమ్మకు భయం పట్టుకుంది. నల్లమ్మ ఇంకో ఎనిమిది కిలోలు చెప్పి పోయింది. అంత బెల్లం ఆమె కొట్లోంచి మోసుకుపోతుంటే జనం చూస్తారని, అమ్మ దాన్ని గుడ్డలో చుట్టి, అన్నం క్యారియరు పెట్టే బుట్టలో సర్ది, నాతో ప్లాంటుకు పంపింది. కొట్టు శెట్టెమ్మ కూతురు బుట్ట మీద గుడ్డ కప్పుకుని ప్లాంటు దారిన పోవడం జనానికి ఇంకా బాగా కనిపించింది.

ప్లాంటు లోపలికి నేను పోవడం అదే మొదలు. గేటు దగ్గర పేడ గంపలు దించుతూ నబీ రసూల్ ఉన్నాడు. గడ్డి మడులవాళ్లలో పెద్దాయన. ఆరు ఎనుములు, వాటి మీదే బతుకు.

"మోసేది నేను, పేరు నీకు. ఏం కాస్తాండావో నాకన్నా చెప్పు నల్లమ్మా" అన్నాడు.

"నీ ఎనుముల పేడే గదన్నా. దాన్ని అడుగు."

నల్లమ్మ నీలం డ్రమ్ములో పేడ వేసి నీళ్లు పోసి కర్రతో తిప్పింది. పాత చీర రెండు మడతలు వేసి, ఆ నీళ్లు వడకట్టి ఇంకో డ్రమ్ములో పట్టింది. పేడలోని గడ్డిపీచు ట్యాంకులో పడితే గాలిగొట్టాలు మూసుకుపోతాయని చెప్పింది. బెల్లం రాయి మీద కొట్టి పొడి చేసి, అందులో కలిపింది. ఆ నీళ్లు బకెట్లతో ట్యాంకు చుట్టూ తిరుగుతూ, ఒకచోటే పడకుండా, కళ్లాపి చల్లినట్టు పోసింది.

నేను అడగకముందే ఆమే చెప్పింది.

"పేడలో కూడా పురుగులుంటాయి పాపా. మురుగుకు అలవాటు లేనివి. బెల్లం పెడితే ఒకటికి పది అయితాయి. మెల్లగా మురుగు తినేది నేర్చుకుంటాయి. ట్యాంకరు మడ్డి అయితే నేర్చుకున్నవే వస్తాయి. అది రాదన్నారు గదా. మనమే నేర్పాల."

"ఎన్ని రోజులు అక్కా?"

"కర్నూలు సారు చెప్పినాడు, నెలన్నా పడుతుందని. మనకు పద్దెనిమిది రోజులే ఉండాయి. కాబట్టి నిద్రపోనియ్యకూడదు, వాటినీ, మోటారునూ."

జాడీలో ఆరోజు మడ్డి ఇరవై గీత. పైన నీళ్లు బియ్యం కడిగిన నీళ్ల లాగా ఉన్నాయి.

ఊరి మురుగంతా ఒక్కసారి వదిలితే కొత్త పురుగులు తట్టుకోలేవు. నల్లమ్మ వచ్చే నీళ్లలో నాలుగో వంతు మాత్రం ట్యాంకులోకి పెట్టి, మిగతావి పక్కకాలువకు తిప్పింది. రోజూ పొద్దున ఒక పిడికెడంత తూము ఎక్కువ ఎత్తేది. నబీ రసూల్, మిగతా మడులవాళ్లు వంతుల వారీగా పేడ తెచ్చారు. నేను రోజూ బుట్ట పట్టుకుపోయాను. జాడీలో మూడోరోజు ఇరవై. అయిదోరోజు ముప్పై. ఏడోరోజు కూడా ముప్పై. ఆ రోజు మడుల్లో గడ్డి కొసలు పసుపు తిరగడం మొదలైంది.

ఎనిమిదోరోజు ఎక్సైజువాళ్లు ఇద్దరు వచ్చారు. నేను అప్పుడే బుట్ట దించాను. పెద్దాయన డ్రమ్ముల చుట్టూ తిరిగాడు. చిన్నాయన ముక్కుకు రుమాలు కట్టుకుని ట్యాంకు దగ్గర నిలబడ్డాడు.

"బెల్లం ఎంత తెచ్చినావు?" అని నల్లమ్మను అడిగాడు పెద్దాయన.

"ఈరోజుకు రెండు కిలోలు."

"దేనికి?"

"ట్యాంకుకు తినేకి."

పెద్దాయన కోపంగా చూశాడు. "ఎవరితో మాట్లాడతాండావో తెలుసునా? డ్రమ్ములో ఏముండాది?"

"మూత తీసి చూడన్నా. వాసన సరిపోకుంటే గలాసు ఇస్తా, తాగి ఏ రకమో చెప్పు. నేను ఇంతవరకు రుచి చూళ్లేదు."

ఆయన మూత తీశాడు. వెంటనే పెట్టేశాడు. చిన్నాయన రుమాలు లోపల నవ్వుతున్నాడని భుజాలు చూస్తే తెలిసింది. నబీ రసూల్ పేడ గంప దించి, ఏమీ తెలియనట్టు, "సార్లకు కుర్చీ వెయ్యల్లా నల్లమ్మా?" అన్నాడు. వాళ్లు ఒక కాగితం మీద ఏదో రాసుకుని పోయారు. ఊళ్లోవాళ్లు చూసింది వాళ్ల జీపు ప్లాంటులోకి పోవడం, బయటికి రావడం. డ్రమ్ము మూత తీసింది ఎవరూ చూడలేదు.

తొమ్మిదోరోజు జాడీ అరవై దగ్గర నిలిచింది. నల్లమ్మ మోకాళ్ల మీదనుంచి లేవకుండా ఇంకోసారి చూసింది. చేత్తో కొంచెం నీళ్లు తీసి వాసన చూసింది. నా ముందు పెట్టింది. కుళ్లు వాసన లేదు. తడిసిన మట్టి వాసన ఉంది.

పదకొండోరోజు తొంభై. పదమూడోరోజు నూటముప్పై.

పద్నాలుగోరోజు పొద్దున మా కొట్టు ముందు మున్సిపాలిటీ ట్రాక్టరు ఆగింది. ట్రాలీలో బ్లీచింగ్ మూటలు. బయ్యన్న దిగి, కాలువ పక్కన మూట విప్పడానికి కత్తి తీశాడు. మూడో వార్డులో విరేచనాలు వచ్చాయని, కాలువలన్నీ చల్లమన్నారని అన్నాడు. నల్లమ్మ అప్పటికి ప్లాంటులో ఉంది. నేను చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తి ఆమెను పిలుచుకొచ్చాను.

ఆమె నేరుగా ట్రాలీ ఎక్కి మూటల మీద కూర్చుంది.

"దిగు నల్లమ్మా" అన్నాడు బయ్యన్న.

"చల్లుకో. వార్డులో చల్లుకో, కొళాయిల కాడ చల్లుకో, ఇళ్ల ముందర చల్లుకో. పెద్దకాలువలో మాత్రం పడదు."

"నాకు ఆర్డరుండాది."

"పోయినసారి కూడా ఉండె. ఒక్క పొద్దులో ట్యాంకు మొత్తం సంపినావు. ఎవరికన్నా చెప్పినానా నీ పేరు?"

బయ్యన్న ట్రాలీ దగ్గరికి వచ్చాడు. "నువ్వెవరే ఇప్పుడు నన్ను అడిగేకి? ఏ అధికారంతో కూసున్నావు ఆడ?"

"అధికారం నీ కాడే పెట్టుకో. మూటలు దిగవు."

ట్రాక్టరు డ్రైవరు ఇంజను ఆపేశాడు. చుట్టూ పదిమంది చేరారు. వాళ్లలో ఒకాయన, "సారా పాడైపోతాదని భయం" అన్నాడు. కొందరు నవ్వారు. నల్లమ్మ అటు తిరగలేదు.

అప్పుడు మా అమ్మ కొట్టు దిగి వచ్చింది. అమ్మ రోడ్డు మీదికి రావడం అరుదు.

"ఆ మాట అన్నింది నేను. నవ్వులాటకు అన్నా. అది సారా కాదు, మీరు పొద్దున తాగే పాలు" అంది ఆయనతో. తర్వాత బయ్యన్న వైపు తిరిగి, "మా కొట్టు ముందర ఒక్క మూట విప్పినా ఊరుకోను. వార్డులోకి తోలుకోపో. మీ పెద్దసారు అడిగితే శెట్టెమ్మ అడ్డం పడిందని చెప్పు" అంది.

బయ్యన్న కత్తి మడిచి జేబులో పెట్టుకున్నాడు. ట్రాక్టరు మూడో వార్డుకు పోయింది. నల్లమ్మ ట్రాలీ వెనకనుంచి దిగి, చీర మీద పడిన తెల్లపొడి దులుపుకుని, "పద పాపా, తూము ఎత్తి వచ్చేసినా" అని ప్లాంటుకు నడిచింది.

పదహారోరోజు నూటఎనభై. ఆ రోజునుంచి బెల్లం తగ్గించింది. తీపికి మరిగితే మురుగు ముట్టవని చెప్పింది. పద్దెనిమిదోరోజు బెల్లం పూర్తిగా ఆపేసి, ఊరి నీళ్లన్నీ ట్యాంకులోకే తిప్పింది. మేమందరం జాడీ చుట్టూ కూర్చున్నాం. రెండువందల గీత దగ్గర మడ్డి నిలిచింది. నబీ రసూల్ అరచెయ్యి జాడీకి అటువైపు పెడితే పైన నీళ్లలోంచి వేళ్ల మీది గీతలు కనిపించాయి.

"మూడువందలు కాలేదు గదా" అన్నాడు ఆయన.

"కాలేదు. ఇరవైనుంచి వచ్చిందని మర్చిపోతాండావు" అంది నల్లమ్మ.

ఇరవయ్యోరోజు పరీక్షవాళ్లు వచ్చారు. వాళ్లతో సుదర్శన్ వచ్చాడు. గేటు దగ్గర మోటార్ల చప్పుడు విని ఆగిపోయాడు. ట్యాంకు దగ్గరికి వచ్చి నీళ్లు చూశాడు, నల్లమ్మను చూశాడు. పరీక్షవాళ్లు సీసాల్లో నీళ్లు పట్టుకుని, మూతలకు కాగితాలు అంటించి, "ఇక్కడ ఆపరేటరు సంతకం పెట్టాలి" అన్నారు.

నల్లమ్మ ఒక అడుగు వెనక్కి వేసి, "సారు పెడతాడు" అంది.

ఆమెకు సంతకం వచ్చు. మా కొట్లో పార్సిలు తీసుకున్నప్పుడు పెట్టడం నేను చూశాను, పేరంతా, ఒత్తులతో సహా. కొత్తవాళ్ల ముందు మొహమాటపడిందేమో అనుకున్నాను. సుదర్శన్ తల వంచుకుని సంతకం పెట్టాడు.

వారానికి కాగితం వచ్చింది. నీళ్లు పాసయ్యాయి. గడ్డికి వదలొచ్చని రాశారు. నల్లమ్మ తూము ఎత్తినప్పుడు పదకొండు కుటుంబాలవాళ్లూ గట్ల మీద ఉన్నారు. మూడు మడులు అప్పటికే ఎండిపోయి పనికిరాకుండా పోయాయి. మిగిలిన వాటిలో నీళ్లు పోతుంటే నబీ రసూల్ కాలువ వెంట నడుస్తూ, పారతో అడ్డం తీస్తూ, చివరి మడి దాకా పోయాడు. నల్లమ్మ అక్కడ నిలబడలేదు. జాడీలో నీళ్లు పోసి వచ్చానని, అరగంట అయిపోతోందని చెప్పి వెళ్లిపోయింది.

నాలుగు రోజుల తర్వాత సుదర్శన్ మా కొట్టుకు వచ్చి సోడా అడిగాడు. తాగుతూ నల్లమ్మ ఇల్లు ఎక్కడని అడిగాడు.

"ఎందుకు సారూ?" అంది అమ్మ.

"ఆధార్ కాపీ, ఫోటో కావాల. కొత్తగా చేర్చుకుంటాండాం."

"కొత్తగా ఏంది? పదకొండేండ్లుగా ఉండే మనిషే గదా."

సుదర్శన్ సోడాసీసా బల్ల మీద పెట్టి, గాజుసీసా గొంతులో గోలీని చూస్తూ చెప్పాడు. ఆరోజు కాలువగట్టు మీద నిలబడి ఆమెతో చెప్పింది కూడా అదేనన్నాడు.

ట్యాంకు చచ్చిన రోజే, దానికి బాధ్యత ఆమెదేనని, కాంట్రాక్టరు నల్లమ్మను పనిలోంచి తీసేశాడు. ఆ రోజునుంచి ఆమెకు ఉద్యోగం లేదు, జీతం లేదు. తాళంచెవి తిరిగి తీసుకోవడం మాత్రం ఎవరికీ గుర్తు రాలేదు.